పోలిక వరకే

సారు పోయినారని వాళ్ళమ్మాయి ఫోను చేసేసరికి నేను వాకిట్లో కూర్చుని నెత్తళ్ళ చేపలకి తలలు తుంచుతున్నాను. చెయ్యంతా నీసు. చిటికెన వేలితో స్పీకరు నొక్కినాను.

"నెల్లూరు ఆస్పత్రిలోనమ్మా. తెల్లారేటప్పుడు, నిద్రలోనే" అనింది.

"ఆయాసపడలేదు గదా?"

"లేదమ్మా."

"దేవునికి స్తోత్రం" అన్నాను. ఫోను పెట్టేసినాక మిగిలిన నెత్తళ్ళకి కూడా తలలు తుంచినాను. ఉప్పేసి కడిగినాను. పులుసు పెట్టినాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తా ఉన్న ఇప్పటిదాకా రాలేదు. సారు ఉండుంటే దీనికి తప్పు పట్టేవారు కాదు. "రానిదాన్ని వచ్చిందని చెప్పబాకమ్మా" అని ఉండేవారు.

ఆయన ప్రభుత్వ ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ గుండు ఏ తుపాకిలోంచి వచ్చిందో చూసి చెప్పే ఉద్యోగం. మా ఊళ్ళో పిల్లాజెల్లా అందరికీ ‘తుపాకుల సారు’. ఆయన చేతిలో తుపాకి మాత్రం మేమెవ్వరం చూడలేదు. ఎప్పుడు చూసినా ఏవో రెండు ఉండేవి. రెండు చింతగింజలు, రెండు ఆల్చిప్పలు, నేను కూరకి పెట్టుకున్న రెండు వంకాయలు. పక్కపక్కన పెట్టి, ఎడమ కన్ను మూసి, ఒకదాన్ని కదలకుండా ఉంచి రెండోదాన్ని మెల్లగా తిప్పేవారు. గీతకి గీత కలిసేదాకా తిప్పేవారు. కలవకపోతే ఇంకొంచెం తిప్పేవారు. "వంకాయ ఇయ్యండి సారూ, పొయ్యి మీద నూనె కాగిపోతా ఉంది" అని నేను కేకేస్తే తప్ప ఈ లోకంలోకి వచ్చేవారు కాదు.

ఆయన మా ఇంట్లో అద్దెకున్నన్నాళ్ళూ నేను ఆయన నోటి నుంచి ఒక్క మాట కోసం కాచుకున్నాను. ‘ఆ తూటా మీ తమ్ముడి చేతిలో తుపాకీది కాదు’ అనే మాట. ఆయన అనలేదు. అయినా ఆయన్ని తలుచుకుంటే నాకు కృతజ్ఞతే వస్తుంది. అది ఎట్టా వస్తుందో చెప్పాలంటే ముందు తమ్ముడి సంగతి చెప్పాలి.

మాది బోగోలు దగ్గర, సముద్రానికీ రొయ్యల గుంటలకీ మధ్యలో ఊరు. తమ్ముడు ఒక రొయ్యల గుంట మీద కాపలా ఉండేవాడు. యజమాని లైసెన్సు మీదున్న పన్నెండు బోరు తుపాకి వాడి చేతికిచ్చి పెట్టినారు. పక్షుల్ని అదిలించడానికి, దొంగల్ని బెదిరించడానికి. ఒకనాడు పొద్దున్నే పక్క ఊరి మనిషొకడు గుంట కట్ట మీద తుపాకి దెబ్బకి చచ్చిపడి ఉన్నాడు. కొన్నాళ్ళకి కట్ట కింద బురదలో ఒక ఖాళీ తూటా దొరికింది. చుట్టుపక్కల గుంటల మీదున్న తుపాకులన్నీ పోలీసులు పట్టుకుపోయినారు. చాలావరకు ఒకే కంపెనీవి, ఒకే అంగట్లో కొన్నవి. ల్యాబులో తూటాల మీద గుర్తులు పోల్చే మిషను మావాడి తుపాకిని అన్నిటికన్నా పైన చూపించిందని వీణ్ణి జైల్లో పెట్టినారు.

సారుని నేను మొదట చూసింది కోర్టులో, సాక్షి బోనులో. పొడుగ్గా, కొంచెం వంగి, కుడి చెవి ముందుకు పెట్టి నిలబడి ఉన్నారు. ఎడమ చెవి ఆయనకి వినపడదని తర్వాత తెలిసింది. ల్యాబులో నీళ్ళ తొట్టిలోకి తుపాకులు కాల్చి కాల్చి ఆ చెవి పోయిందంట.

"మిషను ఏం చెప్పింది?" అని సర్కారు వకీలు అడిగినాడు.

"మిషను ఏమీ చెప్పదండి. పోలిక ఉన్నవాటిని వరసలో పెడుతుంది."

"ఆ వరసలో ముద్దాయి తుపాకి మొదటిదా, కాదా?"

"పాత మిషనులో మొదటిది. అప్పట్లో ఇంకో కొత్త మిషను కూడా పరీక్షకి తెచ్చిపెట్టుకుని ఉన్నాం. దాంట్లో పక్క గుంట తుపాకి మొదటిది. ఇది చాలా కింద ఉంది."

"సరే. మిషన్లు పోనివ్వండి. మీరు మైక్రోస్కోపు కింద పెట్టి కంటితో చూసినారు గదా. ఒకటేనా?"

"పోలిక ఉంది."

"నేనడిగేది ఒకటేనా అని."

"పోలిక ఉందండి. ఒకటే అని చెప్పను. కాదనీ చెప్పను."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసినారు. "పోలికకీ ఒకటే అనేదానికీ తేడా ఏంది?" అని అడిగినారు.

"మా అన్నకీ నాకూ చాలా పోలిక ఉందండి. అయినా ఆయన ఓటు నన్ను వెయ్యనియ్యరు."

కోర్టులో అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. బోనులో నిలబడ్డ తమ్ముడు నవ్వినాడు.

అనుమానం వల్ల వచ్చే లాభం ముద్దాయికే చెందాలని చెప్పి జడ్జిగారు తమ్ముణ్ణి వదిలేసినారు. ఆ లాభం మా ఇంటికి వచ్చింది. దానితోపాటు అనుమానమూ వచ్చింది. గుంట మీద పనిలోకి మళ్ళీ రమ్మనలేదు. వాడు ఆటో తీసుకున్నాడు. మా చర్చి సంఘంలో పెద్దలు "నిజం తేలేదాకా బల్లకి దూరంగా ఉండు అబ్బాయ్" అని వాడికి చెప్పినారు. బల్లంటే నెలకొక ఆదివారం ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. నాకు ప్రాణం అది. ఆ వేళకి తమ్ముడు లేచి బయట వరండాలోకి పోయి కూర్చునేవాడు. లోపల నేను తలుపు వంక చూస్తానే రొట్టె నోట్లో పెట్టుకునేదాన్ని.

ఇంట్లో మేమిద్దరమే. ‘నువ్వు కాల్చినావా?’ అని నేను వాణ్ణి అడగలేదు. వాడూ తనంతట తాను చెప్పలేదు.

అట్టాంటి రోజుల్లో ఒకనాడు ఆటో వాకిట్లో ఆగింది. "అక్కా, ఎవరొచ్చారో చూడు" అని తమ్ముడు కేకేసినాడు. చూస్తే సాక్షి బోనులో సారు. చేతిలో సూట్‌కేసు. బిట్రగుంట స్టేషన్లో రైలు దిగి, ఇల్లు అద్దెకి దొరుకుతుందా అని అడిగితే తమ్ముడు నేరుగా మా ఇంటికి తోలుకొచ్చినాడు. వాడు అట్టాంటివాడు. ఆయనది కొడవలూరు వైపు. వరి పండించుకునే కుటుంబం. భార్య పోయింది, కూతురు విజయవాడలో. ఊపిరి సరిగ్గా ఆడక డాక్టరు సముద్రపు గాలి పీల్చమన్నాడంట.

నేను నోరు పెగల్చుకుని "సారూ, వీడు మీకు తెలుసా?" అన్నాను.

తమ్ముడి వంక ఎగాదిగా చూసి, "నాకు మొహాలు గుర్తుండవమ్మా. తుపాకి చూపిస్తే చెప్తాను" అన్నారు.

తమ్ముడు పగలబడి నవ్వి తుపాకి వివరం చెప్పినాడు. ఏ కంపెనీది, కొయ్య మీద ఎక్కడ చీలిక ఉంది, అంతా. సారు మొహంలో వెలుగు చూడాలి! చుట్టాన్ని గుర్తుపట్టినట్టు "ఆ... అదా! దాని ట్రిగ్గరు కొంచెం బిగువుగా ఉండేది, కదా?" అన్నారు. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి ఆ తుపాకి గురించి మాట్లాడుకున్నారు. నేను పక్క గది తాళం తీసి ఊడ్చినాను. దేవుడు పంపినాడనే అనుకున్నాను. ఆ ఒక్క మాట కోసమే పంపినాడనుకున్నాను.

సారు తిండి మా ఇంట్లోనే. చేతులు సబ్బుతో కడిగి, మళ్ళీ సబ్బుతో కడిగేవారు. సీసం అంటిన చేతులకి ల్యాబులో పడిన అలవాటంట. ఆయన మా మతం కాదు. మొదటిరోజే కంచం ముందు కూర్చుని, నేను కళ్ళు మూసుకోవడం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నా ప్రార్థన అయ్యేదాకా ఆగి "అయిందా? నాకూ ఒక మాట వేసినావా?" అన్నారు. "వేసినాను సారూ" అన్నాను. ఆ తర్వాత ప్రతిపూటా అదే ప్రశ్న, అదే జవాబు. ఒక్కో రోజు ఆకలి మీదుండి "కొంచెం చిన్న ప్రార్థన చెయ్యి తల్లీ, పులుసు చల్లారిపోతది" అనేవారు.

‘అచ్చం’ అనే మాట ఆయనకి పడదు. పక్కింటి వదిన మనవణ్ణి ఎత్తుకొచ్చి, "చూడండి సారూ, అచ్చం వాళ్ళ తాతే!" అంటే, బిడ్డ గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి "పోలిక ఉంది" అనేవారు. వదినకి చిర్రెత్తేది. "పోలిక ఏంది సారూ, ముక్కు చూడండి!" "ముక్కు వరకు పోలిక ఉందమ్మా." "పొండి సారూ, మీకు చూపించడం నాదే బుద్ధితక్కువ" అని బిడ్డని లాక్కుని పోయేది. మర్నాడు మళ్ళీ తెచ్చేది.

టీవీలో కాల్పులొస్తే తట్టుకోలేకపోయేవారు. "ఆ తుపాకిలో అన్ని గుళ్ళు పట్టవమ్మా, కట్టెయ్" అనేవారు.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పట్నుంచి ఉబ్బసం. నాన్నే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పినాడు, లెక్కలు నేర్పినాడు. అందుకేనేమో ఎవరు ఏది విడమరిచి చెప్పినా నాకు పండగలాగా ఉంటుంది. సారుకి కంట్లో పొర వచ్చింది. పేపరు నేను చదివి వినిపించేదాన్ని. ఒకనాడు ‘నేరస్థుడి తుపాకిని ఇక మిషనే పట్టిస్తుంది’ అని ఒక వార్త చదివినాను. సారు నిట్టూర్చినారు.

"మిషను సంబంధాలు తెచ్చే పేరయ్య లాంటిదమ్మా. వెయ్యి ఇళ్ళు తిరిగి, ఇదిగో ఈ నాలుగూ చూడండి అని ఫోటోలు తెచ్చిస్తది. ఆ తిరుగుడు మనవల్ల కాదు, దానికి దణ్ణం పెట్టాల్సిందే. అంతమాత్రాన మొదటి ఫోటోకే తాళి కట్టేస్తామా?"

"మరి మిషన్లు రెండూ వేరేవేరే ఎందుకు చెప్పినాయి సారూ?" తమ్ముడి పేరు ఎత్తకుండా అడిగినాను.

"పాతది తూటా మీద వెలుగు పడేసి ఫోటో తీస్తది. వెలుగు ఇటు నుంచి పడితే ఒక మొహం, అటు నుంచి పడితే ఇంకో మొహం. కొత్తది గీత లోతు కొలుస్తది. లోతుకి నీడతో పని లేదు, అందుకని అది మెరుగే. మెరుగే గానీ, చిలుము పట్టిన చోట అదేం కొలుస్తది? చిలుమునే కొలుస్తది." కాసేపు ఆగి, "అమ్మేవాళ్ళు వస్తారు, మెరిసే తూటాలు వాళ్ళే తెచ్చుకుంటారు. వాటితో ఎవరి మిషను వాళ్ళది గెలుస్తది. నేను మన బురదలో దొరికినవి పెట్టండి అనేవాణ్ణి. రెండు మిషన్లలో ఏది గొప్పదని కాదు, ఏది ఎక్కడ తప్పుతుందో తెలియాల. అది తెలిస్తే రెండూ మంచివే" అన్నారు.

ఆ క్రిస్మస్‌కి ముందు మా ఇంట్లో సంఘం ఆడవాళ్ళందరం చేరి గవ్వలు చేస్తున్నాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, గవ్వల చెక్క మీద సన్నసన్న గీతలు చెక్కి ఉంటాయి. పిండి ఉండని దాని మీద పెట్టి బొటనవేలితో నొక్కి దొర్లిస్తే చుట్టుకుని గవ్వలాగా వస్తుంది, వీపు మీద గీతలు పడతాయి. ఎవరి చెక్క వాళ్ళు తెచ్చుకున్నారు. చేసినవన్నీ ఒకే బట్ట మీద పోస్తున్నాం. సారు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఎడమ కన్ను అప్పటికే మూసుకుంది.

వదిన మొదలుపెట్టింది. "ఏం సారూ, తుపాకులేనా, గవ్వలు కూడా పట్టిస్తారా?"

"ఒక్కో చెక్క మీద ఒక్కో గవ్వ నా కళ్ళెదుట చేసి ఇవ్వండి. తర్వాత చెప్తా."

"అబ్బో, చూపించి చేస్తే మేమే చెప్తాం. దానికి మీరెందుకు?"

నవ్వులు. అయినా చేసి ఇచ్చినారు. ఆయన వాటిని వరసగా పెట్టుకుని, బట్ట మీద కుప్పలోంచి ఒక్కోటి తీసి, పొర వచ్చిన కంటికి భూతద్దం ఆనించి, పక్కన పెట్టి, తిప్పి చూస్తా ఉన్నారు. "ఇది నీదమ్మా. నీ చెక్కకి ఈ పక్కన పంటిగాటు ఉన్నట్టుందే."

"ఓయమ్మో! మా బుడ్డోడు కొరికినాడు!"

"ఇది నీది. చెక్క అంచు అరిగింది."

"అరగదా సారూ, మా అత్త కాలం నాటిది."

అందరూ పిండి వదిలేసి ఆయన చుట్టూ చేరినారు. చివరికి కొన్ని గవ్వలు మిగిలినాయి. వాటిని ఎంత తిప్పినా ఆయన ఎటూ పెట్టడం లేదు. అవి నావో వదినవో అయి ఉండాలి, మిగతా అందరి గవ్వలూ తేలిపోయినాయి.

"మీ రెండు చెక్కలూ ఒకే వడ్రంగి చేసినాడా?" అని అడిగినారు.

"అవును సారూ" అన్నాను. "కావలిలో, ఇద్దరం కలిసే పోయి చేయించుకున్నాం."

"అదీ. అతని ఉలి అంచు ఒకచోట విరిగి ఉంది. ఆ విరుగు రెండు చెక్కల మీదా ఒకే గీత గీసింది. నేను చూస్తున్నది చెక్క గుర్తు కాదమ్మా, ఉలి గుర్తు. ఇద్దరూ జాగ్రత్తగా వాడుకున్నారు, చెక్కలకి సొంతంగా ఒక గాటైనా లేదు." గవ్వల్ని ఒక చిన్న కుప్పగా పక్కకి నెట్టినారు. "ఇవి చెప్పలేను."

వదిన చేతులు తిప్పింది. "ఇంతా చేసి చెప్పలేను అనేదానికా సారూ మీకు గవర్నమెంటు జీతమిచ్చింది!"

"దానికే ఇచ్చిందమ్మా" అని ఆయన అందరికన్నా గట్టిగా నవ్వినారు.

నేను ఆ చిన్న కుప్ప వంక చూస్తా ఉండిపోయినాను. వదిన దాన్ని దోసిట్లోకి ఎత్తి నూనెలో వేసింది.

సాయంత్రం అందరూ పోయినాక అడిగినాను. ఈసారి తమ్ముడి పేరు పెట్టే అడిగినాను. ఆయన దాచలేదు. "అంతేనమ్మా. ఆ తుపాకులు ఒకే కంపెనీలో ఒకే పనిముట్టు కింద నుంచి వచ్చినాయి. తూటా అడుగున పెద్ద గీతలు మీవాడి తుపాకికీ, పక్క గుంట తుపాకికీ కలిసినాయి. ఒకదాన్నొకటి విడదీయాలంటే సన్న గీతలు కావాల. ఆ తూటా ఉప్పు బురదలో నానింది. సన్న గీతలన్నీ చిలుము తినేసింది."

"అంటే వాడిది కాకపోవచ్చు గదా సారూ."

"కాకపోవచ్చు."

"మరి కాదని..."

"కావచ్చు కూడా అమ్మా" అని మెల్లగా అని, లేచి చేతులు కడుక్కోను పోయినారు.

ఈస్టరు దగ్గరికొచ్చింది. నేను పెద్దల దగ్గరికి పోయి, ల్యాబులో ఆ తూటా చూసిన సారు మా ఇంట్లోనే ఉన్నారు, ఆయన్నే పిలిచి అడగండి అన్నాను. సారుని కూడా బతిమాలినాను. "అడిగితే అడగనీ, నాకు తెలిసింది చెప్తాను" అన్నారు. నాకు అదే చాలనిపించింది. మనసులో ఆ గవ్వల కుప్ప ఉన్నా గానీ, చర్చిలో, పెద్దల ముందు, ఈ ఆడమనిషి మొహం చూసి ఒక మెట్టు దిగుతారనుకున్నాను.

తమ్ముడే ఆటోలో తీసుకుపోయినాడు. వాడు ఆటో దగ్గరే ఉండిపోయినాడు. లోపల ప్లాస్టిక్ కుర్చీలు వేసినారు. సారు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని కుడి చెవి ముందుకు పెట్టి కూర్చున్నారు. పాస్టరుగారు మంచినీళ్ళు ఇచ్చినారు. పెద్దల్లో పెద్దాయన మంచి మనిషే, నాన్నకి స్నేహితుడు. ఆయనకీ ఇది తేలిపోతే బాగుండుననే ఉంది.

"సార్, మేం చదువుకున్నోళ్ళం కాదు. కోర్టు వదిలేసింది, మాకు తెలుసు. మీరు ఒక్క ముక్క చెప్పండి. ఆ తూటా వాడి తుపాకిది కాదని. వచ్చే ఆదివారమే వాణ్ణి చెయ్యి పట్టి బల్లకి తీసుకొస్తా."

సారు ఎడమ కన్ను మూసుకున్నారు. నేను రెండు కళ్ళూ మూసుకున్నాను. ప్రభువా, ఒక్క మాట, ఒక్క మాట అనుకుంటా ఉన్నాను.

"చెప్పలేనండి."

"అయితే వాడిదేనంటారా?"

"అది కూడా చెప్పలేనండి."

"పోనీ, కాగితాలు, కోర్టులు పక్కన పెట్టండి. మీ లోపల మీకు ఏమనిపించింది? అన్నం తినే ఇంటి మనుషులు, ఇన్నాళ్ళు చూసినారు గదా."

"అన్నం తిన్నాను కాబట్టి తూటా మీద గీతలు పెరగవు గదండీ" అన్నారు సారు. ఎగతాళిగా కాదు. బాధగానే అన్నారు. "నాకనిపించింది నేను ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. నోటితో పెడితే మీరు అదే సాక్ష్యం అనుకుంటారు."

పెద్దాయన నా వంక చూసి తల ఊపినాడు. అంతే. మంచినీళ్ళ గ్లాసు అట్టాగే ఉంది.

బయటికొచ్చినాం. తమ్ముడు మా మొహాలు చూసినాడు. సగం దారిలో ఆటో పక్కకి ఆపి, "సారూ, టీ తాగుతారా? ఇక్కడ అల్లం వేస్తారు" అన్నాడు. ఇద్దరూ దిగి తాగినారు. నేను ఆటోలోనే కూర్చున్నాను.

ఆ రోజు కంచం పెట్టినాను గానీ కళ్ళు మూసుకోలేదు. సారు చెయ్యి కంచం పక్కన ఆగి ఉంది. నేను పులుసు పోసినాను, నీళ్ళు పెట్టినాను, తలుపు వారన నిలబడ్డాను. ఆయన ఇంకా ఆగే ఉన్నారు.

"తినండి" అన్నాను.

"ఈ పూట ప్రార్థన లేదా?"

నేను చెంగు నడుముకి దోపుకున్నాను.

"ఆ మాట ఎవరికి కావాలమ్మా?" అని అడిగినారు. "సంఘానికా, నీకా?"

"వాడికి సారూ."

"వాడు నన్ను అడగలేదే. స్టేషన్లో ఎక్కించుకున్న రోజు నుంచి ఇంతవరకు ఒక్కసారి అడగలా."

నేను అక్కడే గుమ్మం మీద కూర్చున్నాను.

"నీకే అయితే నన్నెందుకు అడగడం? వాడు ఇంట్లోనే ఉన్నాడు గదా. వాణ్ణే అడుగు."

"అడిగితే కాదంటాడు."

"అంటే నమ్ముతావా?"

నేను గుమ్మం చెక్కలో పగులుని గోటితో గీకినాను. ఆయన ఎంతసేపైనా ఆగేవారే, కానీ నా మొహం చూసి ఆగలేదు.

"తప్పేం లేదమ్మా. నేను కూర్చున్న చోటే నువ్వూ కూర్చున్నావు. అటూ ఇటూ కాని చోటు. కష్టమే. అందరూ లెయ్యమంటారు. ఎటోకటు లేస్తే హాయిగా ఉంటది. నేను ఉద్యోగమంతా అక్కడే కూర్చున్నాను. కూర్చుని కూడా మనిషికి అన్నం పెట్టొచ్చు. వాడికి నువ్వు పెట్టడం లేదూ?" కంచం వంక చూసుకున్నారు. "నాకైతే ఆకలేస్తా ఉంది."

నేను కళ్ళు మూసుకున్నాను. ఊరికే మూసుకుని తెరిచినాను. "అయిందా?" అన్నారు. "అయింది" అన్నాను. తిన్నారు.

తర్వాత మేము ఆ సంగతి ఎత్తలేదు. పేపరు చదివేదాన్ని, ఆయన తిప్పి చూసుకునేవి చూసుకునేవారు, వదిన మనవణ్ణి తెచ్చి కొట్లాడి పోయేది. వానలు మొదలైనాక ఆయాసం ఎక్కువైంది. వాళ్ళమ్మాయి వచ్చి నెల్లూరు ఆస్పత్రిలో చేర్పించింది. తమ్ముడి ఆటోలోనే పోయినారు. ఎక్కేటప్పుడు "నాకూ ఒక మాట వెయ్యి" అన్నారు. అదే ఆఖరు.

ఫోను వచ్చిన రోజే నేనూ తమ్ముడూ కొడవలూరు పోయినాం. ఇంటి వెనక దాకా పచ్చగా వరి. వాకిట్లో షామియానా. వాళ్ళమ్మాయి నన్ను చూసి లేచి వచ్చి, "మీ నెత్తళ్ళ పులుసు అడిగినాడమ్మా మొన్న. ఆస్పత్రిలో పెట్టరని నేనే చెప్పలేదు మీకు" అనింది. అప్పుడైనా ఏడుపు వస్తుందనుకున్నాను. ఆమె ఏడ్చింది, నేను వీపు నిమిరినాను.

పాడె లేపేటప్పుడు ఒక పక్క మనిషి తక్కువైనాడు. తమ్ముడు పోయి భుజం పెట్టబోయినాడు. సారు చుట్టం ఎవరో, ముసలాయన, ఆపి అడిగినాడు. "అబ్బాయ్, నువ్వు ఆయనకి ఏమవుతావు?"

"ఆయన సాక్ష్యం చెప్పిన కేసులో ముద్దాయినండి" అన్నాడు తమ్ముడు.

అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇట్టాంటి చుట్టరికం ఆ ముసలాయన ఎప్పుడూ విని ఉండడు. కొంచెంసేపు చూసి, పక్కకి జరిగినాడు. తమ్ముడు భుజం పెట్టినాడు. వాడు పొట్టి, మిగతావాళ్ళు పొడుగు. పాడె ఆ పక్కకి కొంచెం ఒరిగింది. అట్టాగే పోయినారు.

మొన్న ఆదివారం బల్ల. పాస్టరుగారు రొట్టె మీద గుడ్డ తీసినారు. తమ్ముడు ఎప్పటిలాగా లేచి, ఎవరికీ కాలు తగలకుండా ఒదిగి ఒదిగి బయటికి పోయినాడు. ఆడవాళ్ళ వరస కదిలింది. నా ముందున్న వదిన లేచింది. నేనూ లేచినాను. లేచి, ముందుకు పోవాల్సినదాన్ని, వెనక్కి తిరిగినాను. ఎందుకని నన్ను అడిగితే సరిగ్గా చెప్పలేకపోయేదాన్ని. వాడు కాల్చలేదని తెలిసి కాదు. అది నాకు ఇంకా తెలియదు. వదిన చీర కొంగు పట్టుకుని లాగింది. సంఘం పెద్దాయన మెడ తిప్పి చూసినాడు. నేను తలుపు దాటి వరండాలోకి పోయినాను.

తమ్ముడు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"ఏందక్కా, ఊపిరాడటం లేదా?"

"ఆడతా ఉంది."

"మరి లోపలికి పో. రొట్టె అయిపోతది."

"అయిపోనీలేరా."

వాడు నా మొహంలోకి చూసినాడు. తర్వాత స్తంభం దగ్గర నీడ నాకు వదిలి, ఎండలోకి జరిగి కూర్చున్నాడు.